సున్నం మర్చిపోయిన రోజు

అమ్మకి కాళ్ళు మొక్కి పద్మ రాసేది ఏమంటే,

నేను బాగుండా. నువ్వు, నాయన బాగుండారా? నీ మోకాలి వాపు తగ్గిందా? పాప ఇస్కూలుకి సరిగ్గా పోతాండాదా, లేకుంటే పొద్దున్నే కడుపునొప్పి నాటకం ఆడతానే ఉండాదా? వదిన ఎట్లుండాది? వదిన సంగతి నిన్నే అడుగుతాండా అమ్మా, నువ్వే చెప్పాల.

ఈ జాబు వదిన చదివి నీకు వినిపిస్తాది. మనింట్లో తెలుగు చదివేది వదిన ఒకతే. నాయనకి వచ్చేది కన్నడ, నీకు ఏ అక్షరాలూ రావు, నేను చదివింది కూడా కన్నడ శాలలోనే. వదిన ఆంధ్రా పక్క గోరంట్ల నుంచి కోడలుగా వచ్చిన కొత్తలో, పట్టుపురుగుల షెడ్డులో ఆకు వేస్తా వేస్తా నాకు తెలుగు అక్షరాలు నేర్పించింది. పురుగుల మీద చల్లే సున్నప్పొడి కొంచెం నేల మీద పరిచి, దాంట్లో వేలితో రాయించేది. అన్న చూసి, "పురుగులకి ఆకు పెట్టండమ్మా అంటే బడి పెట్టినారే మీరు" అని నవ్వేవాడు. ఆ అక్షరాలే ఇవి. వంకరటింకరగా ఉంటాయి, తప్పులుంటే వదిన సరిచేసుకోని చదువుతాది.

ఈ కాలంలో జాబేమిటికి, ఫోను లేదా అని నువ్వు అనుకుంటాండావు. ఫోన్ చేస్తే నువ్వు ఊ అంటావు, తిన్నావా అంటావు, నాయన చేతికి ఇచ్చేస్తావు. దీన్ని అట్ల ఇచ్చేదానికి కుదరదు. ముఖం గోడ పక్కకి తిప్పుకోనైనా సరే, ఆఖరిదాకా విను.

ఇక్కడ చలి ఇంకా పోలేదు. జర్మనీలో ఎండాకాలం వచ్చేసిందని అందరూ అంటాండారు, నేను స్వెట్టరు మీద కోటు వేసుకోని తిరుగుతాండా. ఆకాశం ఎప్పుడు చూసినా పొయ్యిలో తడిసిన బూడిద రంగే. టర్కీ వాళ్ళ అంగడిలో బియ్యం, కందిపప్పు దొరుకుతాయి. రాగిపిండి అయిపోయింది. తింటాండా అమ్మా, పస్తులేమీ లేను, దిగులు పెట్టుకోవద్దు. రుచి మాత్రం తెలీడం లేదు. ఉప్పు వేసినానో లేదో తిన్నాక కూడా చెప్పలేను. నిద్ర పడతాది. లేస్తా, పనికి పోతా, వస్తా. బస్సులో ఎవురూ ఎవురితోనూ మాట్లాడరు, మొదట్లో అది కష్టంగా ఉండేది, ఇప్పుడు అదే మేలనిపిస్తాది. అన్న పోయినాడని తెలిసినాక మా ల్యాబులో అందరూ ఒక అట్ట మీద సంతకాలు పెట్టి ఇచ్చినారు. దాన్ని కిటికీ కాడ పెట్టినా. చూస్తే ఏమీ అనిపించదు.

ఏడుపు రావడం లేదమ్మా. అన్నని ఎత్తేటప్పుడు చిన్నాయన కొడుకు ఫోను పట్టుకోని నాకు చూపించినాడు గదా. జనం తోపులాటలో నాకు కనిపించింది టెంకాయ చెట్ల కొనలు, మనుషుల పాదాలు. శబ్దం మాత్రం అంతా వచ్చింది. నీ ఏడుపు వినపడింది. వచ్చినోళ్ళు వదినని పట్టుకోని, పేరు పెట్టి అన్నని తలుచుకుంటా శోకాలు తీసినారు, అదీ వినపడింది. వదిన గొంతు వినపడలేదు. మొగుడు పోతే కంట తడి లేదు, రాయి మాదిరి కూర్చుందని ఊర్లో ఆడోళ్ళు చెప్పుకున్నారంట. నువ్వు ఆ మాట విని ఊరికే ఉన్నావంట. నేనూ ఏడవలేదు. నన్ను ఎవురూ ఏమీ అనలేదు, దూరంలో ఉండా కాబట్టి.

నేను ఇక్కడ ఏం పని చేస్తానో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మెదడు చదువు అని చెప్పి తప్పించుకున్నా. ఇప్పుడు చెప్తా, నిదానంగా విను, దీంట్లోనే మన ఇంటి సంగతి ఉండాది.

ఒంట్లో ఒక నరం ఇంకో నరానికి సంగతి చెప్పాలంటే, నరం కొనలో చిన్న చిన్న సంచులుంటాయి. కంటికి కనపడేవి కావు. వాటిల్లో రసం ఉంటాది. పప్పులో, పాలల్లో ఉండే సత్తువ ఉంటాది చూడు, అది అరిగితే వచ్చే అమైనో ఆమ్లాలని ఉంటాయి, ఆ జాతివే ఈ రసాలు. ఒకటి గ్లూటమేట్. చింతామణి బస్టాండు కాడ గోబీ మంచూరియా బండిలో చల్లే టేస్టింగ్ పౌడరు అదే. అన్న మార్కెట్టు నుంచి వచ్చేటప్పుడు పొట్లం కట్టించుకోని వచ్చేవాడు, నువ్వు "ఆ ఎర్రగడ్డి మాకొద్దు" అంటానే సగం తినేదానివి. మెదడులో ఆ గ్లూటమేట్ "కదులు" అని చెప్పే రసం. ఇంకో రెండుండాయి, గాబా, గ్లైసీన్ అని. అవి "చాలు, వదులు" అని చెప్పేవి. చెయ్యి బిగించేది ఒకటి, బిగిసిన చేతిని వదిలించేది ఇంకొకటి. రెండూ ఉంటేనే మనిషి ముద్ద తుంచి నోట్లో పెట్టుకోగలడు.

సంచులు నిండుగా ఉంటే చాలదు. సంగతి వచ్చినప్పుడు నరం కొన లోపలికి కాల్షియం పోవాల. అది పోతేనే సంచి గోడకి అంటుకోని మూతి తెరిచి రసం బయట పోస్తాది. నువ్వు వక్కాకులో పూసుకునే సున్నంలో ఉండేది ఆ కాల్షియమే. ఆకు ఉండి, వక్క ఉండి, సున్నం లేకుంటే ఎంత నమిలినా నోరు పండదు గదా, అట్ల అనుకో.

మేము చేసేది ఏమంటే, ఎలక మెదడు తీసి మంచులో పెట్టి, చక్కెర నీళ్ళలో మెల్లగా రుబ్బుతాం. ఛీ అనొద్దు, నాకూ మొదట్లో అన్నం సహించలేదు. రుబ్బితే నరాల కొనలు తెగి విడిపోతాయి. తెగిన కాడ వాటికవే మూసుకుంటాయి. నరం లేదు, మెదడు లేదు, అయినా ఆ కొనలు కొన్ని గంటలు బతికుంటాయి. సంగతి వచ్చిందని మందు పోసి మోసం చేస్తే, నిజమే అనుకోని రసం వదుల్తాయి పాపం. ఎంత వదిలినాయో మిషను గీత గీసి చూపిస్తాది. గీత పైకి లేస్తే రసం వచ్చినట్టు.

అన్న పోయినాక నేను మళ్ళీ పనికి పోయిన వారంలో ఒకరోజు గీత లేవలేదు. మందు పోసినా, మళ్ళీ పోసినా, నేరుగా పోతానే ఉండాది. మా ప్రొఫెసరమ్మ వెనకాల నిలబడి చూసి, "కాల్షియం వేసినావా?" అని అడిగింది. వేయలేదు. సున్నం మర్చిపోయినా. రోజూ చేసే పని, నిద్రలో అడిగినా చెప్తా, మర్చిపోయినా. కొనలు చచ్చిపోలేదు అమ్మా. సంచులు నిండుగానే ఉండాయి. బయటికి రాలేదు, అంతే. ప్రొఫెసరమ్మ తిడతాదనుకున్నా. ఆమె కుర్చీ లాక్కోని నా పక్కన కూర్చుంది. ఆ గీతని చూస్తా ఉంటే నాకు వదిన గుర్తుకొచ్చింది. వదిన లోపల ఏమీ లేక ఏడవలేదని అనుకోవద్దు. నా లోపల ఉండేది నాకు తెలుసు, బయటికి రాదు.

ఇంక అన్న సంగతి. ధనుర్వాయువు అని డాక్టర్లు చెప్పినారు, నువ్వు ఆ పేరు పట్టుకోలేదు, పేరుతో నీకు పని లేదు. ఆ రోగం పురుగు కంటికి కనపడదు, మట్టిలో ఉంటాది, ఎరువు దిబ్బల్లో ఉంటాది. లోతుగా దిగిన గాయంలో గాలి తగలని కాడ అది విషం చేస్తాది. ఆ విషం నరం పట్టుకోని పైకి పోయి, "వదులు" అని చెప్పే నరాల కొనల్లో దూరతాది. సంచులు గోడకి అంటుకునేదానికి ఒక కొక్కెం ఉంటాది, దాన్ని కత్తిరిస్తాది. అంతే చేస్తాది. రసం సంచుల్లోనే ఉండిపోతాది. బిగించేది బిగిస్తానే ఉంటాది, వదులు అని చెప్పేవాళ్ళు లేరు. అందుకే దవడ బిగిసింది, వీపు విల్లు మాదిరి వంగింది. మా ల్యాబులో ఒక పిల్ల ఆ విషంతోనే పని చేస్తాది, సంచులు ఎట్ల తెరుచుకుంటాయో తెలుసుకునేదానికి. బీగం వేసిన ఫ్రిజ్జులో పెడతారు. ఆ ఫ్రిజ్జు పక్కనే నేను కోటు తగిలిస్తా. ఇప్పుడు కూడా అక్కడే తగిలిస్తాండా, వేరే మేకు లేదు.

జరిగింది జరిగినట్టు చెప్తా. కొన్ని నీకు తెలుసు, కొన్ని తెల్దు.

పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచి, పొర విడిచి, తెంపు లేకుండా ఆకు తింటాండాయి. అన్న రేష్మె తోటలో ఆకు కోస్తా, కోసిన మొద్దు మీద కాలు వేసినాడు. లోతుగా దిగింది. వదిన అప్పుడే చెప్పింది, చింతామణికి పోయి సూది వేయించుకోని రా అని. అన్న పోలేదు. ఆస్పత్రి వాసన, మందు వాసన ఒంటికి పూసుకోని షెడ్డులోకి పోతే పురుగులు దక్కుతాయా అన్నాడు. పురుగుల్ని గూళ్ళు కట్టేదానికి చంద్రికల తట్టలకి ఎక్కించినాక పోతా అన్నాడు. మన ఇంట్లో అది అన్న ఒక్కని మాట కాదు. పురుగులు పెద్దవైనప్పుడు నాయన బీడీ మానేస్తాడు. నువ్వు తలకి నూనె పెట్టవు. నేను కాలేజీకి పోయే రోజుల్లో పౌడరు పూసుకోని షెడ్డు వాకిలి తొక్కితే నాలుగు వీపున పడేవి. బయటోళ్ళు ఇది వింటే నవ్వుతారు. మనకి అది ఇంటి కట్టుబాటు. అందుకని వాసన లేని మందు కట్టినారు, పిడక బూడిదలో పసుపు కలిపి. కట్టింది వదిన.

గూళ్ళు విడిపించే రోజు మధ్యాన్నం అన్న ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయినాడు. పన్ను నొప్పి అన్నారు అందరూ, లవంగం పెట్టుకో అన్నావు నువ్వు. వదిన షెడ్డు వెనక్కి పోయి నాకు ఫోన్ చేసింది. "పద్మా, మీ అన్నకి నోరు తెరుచుకోవడం లేదు, మెడ కూడా తిరగడం లేదు" అనింది. నేను చెయ్యి కడుక్కుంటా ఉండినా, ఆ నీళ్ళు అట్లే పోతానే ఉన్నాయి. ఇప్పుడే బయల్దేరండి అన్నా. వదిన ఎందుకు అని అడగలేదు. పక్కింటాయన కారు మాట్లాడి, అన్నని ఎక్కించుకోని పోయింది. వదిన నాకు ఫోన్ చేసిన సంగతి నీకు తెల్దు, అందుకే పన్ను నొప్పికి బెంగళూరు దాకా పరిగెత్తిందని నువ్వు మొదట్లో తిట్టినావు. ఆస్పత్రిలో చేయాల్సింది చేసినారు. అప్పటికే నరం కొనల్లోకి దూరిన విషాన్ని ఏ సూదీ వెనక్కి లాగలేదు.

మొగుడు ఆస్పత్రిలో ఉంటే గూళ్ళు అమ్ముకోని వచ్చిందని కూడా అన్నావంట. అన్న బిగిసిన పళ్ళ సందులో నుంచి చెప్పిన ఆఖరి మాట "గూళ్ళు" అంట. వాడు చెప్పినాడు, వదిన పోయింది. ఇంకో రోజు ఆగింటే పురుగు రెక్కలొచ్చి గూడు చీల్చుకోని బయట పడేది, పంటంతా పాడయ్యేది. నీకు ఇది తెల్దా? నలభై చంద్రికలు కడిగిన దానివి నువ్వు.

వదినా, ఇక్కడ ఆపొద్దు. నీ పేరు వచ్చిన కాడంతా మింగేసి, "ఇంకేమీ లేదత్తా, అందరినీ అడిగింది" అని ముగిస్తావని నాకు తెలుసు. ఒక్క అక్షరం కూడా దాటొద్దు. అమ్మా, వదిన ఆగితే "చదువు" అను.

కర్మాలు అయినాక వదిన నన్ను ఫోనులో ఒకే మాట అడిగింది. "నేను కట్టిన మందు వల్లనే పోయినాడా పద్మా? నీకు తెలుసు గదా, చెప్పు." నేను అప్పుడు జవాబు చెప్పలేదు. ఊరడించేదానికి చెప్తే నమ్మదు, వదిన సంగతి నీకు తెలుసు. ఇప్పుడు మీ ఇద్దరికీ కలిపి చెప్తాండా.

ఆ మొద్దు ఉండేది ఏడాదేడాది ఎరువు తోలిన మట్టిలో. రోగం పురుగు కాల్లోకి పోయింది ఆ మొద్దుతోనే, వదిన బూడిద చేతికి తీసుకోకముందే. బూడిద నిప్పులో నుంచి వచ్చింది, దాంట్లో అది ఉండడం కష్టం. ఉండనే ఉండదని ఒట్టు వేయమంటే వేయలేను, అబద్ధం చెప్పను. గాయాన్ని సబ్బు నీళ్ళతో కడిగి, ఆరోజే సూది వేయించుకోని ఉంటే బతికేవాడు. అది నిజం, అదీ దాచను. కానీ సూదికి పో అని చెప్పింది వదిన. పోనన్నది అన్న. అన్నని ఇప్పుడు ఏమనాల?

ఇంకొక మాట ఉండాది. నువ్వు లేచి పోవద్దు. బూడిద, పసుపు వదిన గోరంట్ల నుంచి తెచ్చిన మందు కాదు. నా మోకాలు పగిలినప్పుడు నువ్వు కట్టినావు, అన్న వేలు తెగినప్పుడు నువ్వు కట్టినావు, మేము బాగైనాం. ఆరోజు కూడా వంటింట్లో నుంచి "బూడిద పెట్టు, పసుపు పెట్టు" అని చెప్పింది నువ్వే. వదిన ఈ మాట నాకు చెప్పలేదు. పాప చెప్పింది, తెలీక చెప్పింది. వదిన చెయ్యి తప్పు చేసిందని నువ్వు ఊరంతా అంటాండావు, అనకుంటే ఆ తప్పు ఎవురి మీదికి వస్తాదో నీకు తెలుసు కాబట్టి. అమ్మా, నీదీ కాదు. వదినదీ కాదు. వదినని వదిలితేనే ఆ తప్పు నిన్నూ వదుల్తాది. నాకు ఏమీ అనిపించడం లేదని మొదట రాసినా. ఈ ఒక్క కాడ రాసేటప్పుడు చెయ్యి ఆగింది.

నువ్వు వేరే పొయ్యి పెట్టుకున్నావంట. వదిన చేసిన ముద్ద ముట్టవంట. వదిన వాళ్ళ అన్న శ్రావణానికి ముందర వచ్చి, వదినని, పాపని పిలుచుకోని పోతాడంట. పాప నాతో "అత్తా, బాగేపల్లిలో బస్సు మారేటప్పుడు ఐస్‌క్రీం ఇప్పిస్తారంట" అని సంతోషంగా చెప్పింది. వదిన పోవాలనుకుంటే పోనీ, అది వదిన ఇష్టం, నేను ఆపేదాన్ని కాదు. ఈ ఇంట్లో పలకరించేవాళ్ళు లేక పోయిందని మాత్రం కాకూడదు. అన్న లేడు, పాప కూడా పోతే ఆ షెడ్డు వాకిలి నువ్వు ఎట్ల చూస్తావు?

ఒక పని చెయ్యండి. నీకూ వదినకీ కడుపుతో ఉన్నప్పుడు నర్సమ్మ ఇంటికొచ్చి పిలుచుకోని పోయి ఈ ధనుర్వాయువు సూది వేయించింది. మొగోళ్ళని ఎవురు పిలుస్తారు? అన్నకి ఇస్కూలులో వేసిందే ఆఖరు. నాయన అసలు వేయించుకున్నాడో లేదో ఆయనకే తెల్దు. నలుగురూ కలిసి పోయి వేయించుకోండి. మళ్ళీ కొత్త పురుగులు తెచ్చి దించితే, ఆ మందు వాసన షెడ్డులోకి రానీ. పంట పోతే పోనీ.

నాకు రాగిపిండి, చెనక్కాయల పొడి పంపించండి. పొడి ఎప్పుడూ చేసినట్టే చెయ్యాల, వదిన దంచాల, ఉప్పు కారం నువ్వు చూడాల. ఒకరే చేస్తే నాకొద్దు, నోటికి బాగుండదు. నేను బాగుండా, వేళకి తింటాండా, కోటు వేసుకుంటాండా, దిగులు పెట్టుకోవద్దు. నాయనకి నా నమస్కారం చెప్పు. పక్కింటాయనకి కారు ఇచ్చినందుకు నేను తలుచుకున్నానని చెప్పు. పాపకి ముద్దులు. నన్ను దీవించు అమ్మా, నీ దీవెన ఫోనులో సరిగ్గా వినపడదు.

జవాబు నాకు తెలుగులోనే రావాల. నువ్వు చెప్పాల, వదిన రాయాల. నువ్వు నోరు తెరిచి వదినతో చెప్పకుంటే వదిన రాసేదానికి కుదరదు. కన్నడలో రాసింటే నాయన చదివేసేవాడు, మీరిద్దరూ తలా ఒక గదిలో ఉండి వినేవాళ్ళు. తెలుగులో రాసింది అందుకే.

నీ కూతురు,
పద్మ

వదినా, ఇది అయిపోయినాక మడిచి గోడ గూట్లో పెట్టి లేచి పోవద్దు. అమ్మ ఏదో ఒకటి అనేదాకా, చేతిలో పట్టుకోని అట్లే కూర్చో.